మెమోలో ద్రాక్షతీగ

ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నాకు ఆరు మెమోలు వచ్చాయి. మొదటి ఐదింటికీ కారణం ఎదుటివాళ్ల తెలివితక్కువతనం. ఆరోదాని సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. కాలువల మీద కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు చదివితే మంచిది. చదవకపోయినా నాకు కొత్తేమీ కాదు. నా మాట వినకపోవడం మా ఆఫీసులో పాత అలవాటే.

నేను లష్కర్‌గా చేరి వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా దిగిపోయాను. లష్కర్ అంటే కాలువ వెంట నడిచేవాడు, గండ్లు పడకుండా చూసేవాడు, తూముల షట్టర్లు ఎత్తి దించేవాడు. వర్క్ ఇన్‌స్పెక్టర్ అంటే లష్కర్ల తిట్లు, రైతుల తిట్లు, ఇంజనీరు తిట్లు ఒకేచోట పడేవాడు. నా కాలువ వనపర్తి దాటాక మొదలై వీపనగండ్ల అవతల రాళ్ల నేలల్లో ముగిసేది. ముగిసేది అంటే కాగితం మీద. నీళ్లు అంతదూరం కొన్ని ఏళ్లు వచ్చేవి, చాలా ఏళ్లు వచ్చేవి కావు.

నాకొక నోటు పుస్తకం ఉంది. ఎవరు, ఏ రోజు, ఎవరి ముందు నన్ను ఏమన్నారో అందులో రాసుకుంటాను. మా ఆవిడ దాన్ని 'పాపాల చిట్టా' అంటుంది. ఎవరి పాపాలో మాత్రం చెప్పదు. ఆ పుస్తకం తెరిస్తే ఈ కథ మొదలైన రోజు కూడా దొరుకుతుంది.

వానాకాలం పంట కోతలు అయిపోయిన రోజులు. మా ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు సారు తోక తూము చూడడానికి వచ్చారు. తోక తూము అంటే కాలువలో చిట్టచివరి తూము. దాని కింద రెండు ఊళ్ల పొలాలున్నాయి. సారు నా చిన్నకొడుకు కన్నా రెండేళ్లు చిన్న. షట్టర్ చక్రం పట్టుకుని తిప్పబోయారు. అది కదల్లేదు. రెండు చేతులూ వేశారు. అయినా కదల్లేదు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఇది తిరిగి ఎన్నేండ్లయింది? షట్టర్ కంటే ముందు మీరే తుప్పు వట్టినట్టున్నరు గదా!"

రైతులు నవ్వారు. నా లష్కర్ కూడా నవ్వాడు. నవ్వినవాళ్లు పదకొండు మంది. పేర్లు రాసుకున్నాను.

ఆ తూముకు గ్రీజు పెట్టకపోవడానికి కారణం ఉంది. బయలు ప్రాంతం. గాలి వీస్తే దుమ్ము లేస్తుంది. గ్రీజు పెట్టి వదిలేస్తే దుమ్ము పట్టి గట్టిపడుతుంది. అందుకే నీళ్లు వదలడానికి వారం ముందే తుప్పు గీకి గ్రీజు పెట్టాలి. ఇరవై ఏళ్లుగా అదే పద్ధతి. ఆ పద్ధతి పెట్టిందీ నేనే. ఆ సంగతి సారుకు అక్కడే చెప్పొచ్చు. కానీ నవ్విన తర్వాత చెబితే సంజాయిషీ అవుతుంది. సంజాయిషీ చెప్పడం నా రక్తంలో లేదు.

మర్నాడు పొద్దున్నే మోటారు సైకిల్ మెకానిక్ దగ్గర గ్రీజు డబ్బా, ఒక సీసాడు డీజిల్ తీసుకుని బయల్దేరాను. లష్కర్ దారిలో ఎదురయ్యాడు.

"సారూ, నీళ్ల ముచ్చటే లేదు. గ్రీజెందుకిప్పుడు?"

"నీకెందుకు? నువ్వు నవ్వుకో, పో."

"నిన్న నవ్విన్నని ఇయ్యాల గూడ యాదికుంచుకున్నరా ఏంది?"

"రేపు కూడా ఉంటుంది."

"అయితే నేను రాను. మీరు, మీ కోపం ఇద్దరు పోయి పెట్టుకోండ్రి."

ఒక్కడినే వెళ్లాను. ఎండ నెత్తిమీదికి వచ్చేదాకా తుప్పు గీకాను. స్క్రూ రాడ్డు పొడవునా గ్రీజు రాశాను. చివరికి చక్రం ఒక్క వేలితో తిరిగింది. ఏఈ సారు వచ్చి ఆ ఒక్క వేలు పెట్టి తిప్పాలి, నా మొహం చూడాలి. అంతే నా కోరిక. సారు రాలేదు. అదీ పుస్తకంలో రాసుకున్నాను.

మూడు వారాల తర్వాత ఆఫీసు నిర్ణయం వచ్చింది. యాసంగికి, అంటే రబీ పంటకు, నీళ్లు కాలువ పైసగానికే, తోకకు లేవు. బోర్డు మీద కాగితం అంటించిన మూడోరోజు, తోక ఊళ్ల నుంచి ఓ పదిమంది వనపర్తి ఆఫీసుకు వచ్చారు. చేతుల్లో నారు కట్టలు. కొసలు ఎండి, తెల్లబడి ఉన్నాయి. కుంటలో మిగిలిన కాసిన్ని నీళ్లు తోడుకుని, కాలువ వస్తుందిలే అన్న నమ్మకంతో వాళ్లు నారు పోశారు. కుంట అడుగంటింది. కాలువ రాలేదు.

ఒక రైతు నారు కట్టను ఏఈ సారు టేబుల్ మీద పడేశాడు.

"ఇగో సారూ, మీ నీళ్లు తాగి గిట్లయింది!"

"నీళ్లిస్తమని మీకెవరు చెప్పిన్రు?"

"ఇన్‌స్పెక్టర్ సాబే అన్నడంట గదా!"

నేను తలుపు దగ్గరే ఉన్నాను. "నేనెప్పుడన్నాను? ఎవరితో అన్నాను?" అని అరిచాను. ఆ రైతు నా వైపు చూసి, "నాతోటి అనలే. అన్నవంట" అన్నాడు. 'అంట' అన్న ఆ చిన్న ముక్కే నా నెత్తిన బండలా పడింది.

రెండు రోజులకు మెమో వచ్చింది. ఇంగ్లిషులో ఉంది. "ఇట్ ఈజ్ లెర్న్‌ట్ త్రూ ది గ్రేప్‌వైన్" అని మొదలైంది. నేను అధికారికంగా నిర్ణయం కాకముందే రైతులకు నీళ్లొస్తాయని చెప్పి నష్టం కలిగించానట. ఏడు రోజుల్లో జవాబివ్వాలట. నేను దిగిపోవడానికి ఇంకా ఐదు నెలలే ఉంది. సర్వీసు రిజిస్టర్లో ఒక్క ఎర్రసిరా గీత లేకుండా దిగిపోవాలన్నది నా పంతం. మొదటి ఐదు మెమోలూ జవాబులతోనే చచ్చిపోయాయి. ఇది మాత్రం విచారణ దాకా పోయేలా కనిపించింది.

మెమోలో మిగతాదంతా అర్థమైంది. గ్రేప్‌వైన్ ఒక్కటే అర్థం కాలేదు. గ్రేప్ అంటే ద్రాక్ష అని తెలుసు. ద్రాక్షకూ నా కాలువకూ ఏం సంబంధం? మా వీధి చివర జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే మేడమ్ ఉంది. మెమో తీసుకుని వెళ్లాను. ఆమె చదివి ముందు నవ్వింది. నా మొహం చూసి ఆపుకుంది.

"అంకుల్, ఇది మెమోల రాసే మాట కాదు. చాయ్ తాగుకుంట చెప్పే మాట."

"అర్థమేంటి?"

"ఆ నోట ఈ నోట పడి వచ్చిన వార్త. ఫలానా మేడమ్‌కు ట్రాన్స్‌ఫర్ అయితదంట అని స్టాఫ్ రూంల వింటం చూడుండ్రి. ఎవరు చెప్పిన్రంటే, గ్రేప్‌వైన్‌లో విన్న అంటం. ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ చేతికొచ్చినంక ఆ మాట వాడరు. నోటీసు బోర్డు మీద చూసినదానికి వాడరు."

"అంటే అబద్ధమనా?"

"కాదు. నిజం కావచ్చు, కాకపోవచ్చు. సర్కారు దారిల రాలేదు అనే దానర్థం. టెలిగ్రాఫ్ తీగలు వచ్చిన కొత్తల, మనుషుల నోటి మీద పోయే వార్తకు అట్ల పేరు పెట్టిన్రంటరు. ద్రాక్షతీగ పందిరంత అల్లుకుంటది గదా, ఏ గుత్తి ఏ కొమ్మదో చెప్పలేం."

"మరి చెప్పినవాడి పేరు దాచడానికి కూడా ఈ మాటేనా?"

"దానికి ఇంకోటుంది. చిన్న పిట్ట చెప్పింది అంటరు. అందుల చెప్పినోడు ఒక్కడే. వాడెవడో మనకు తెలుసు, పేరే చెప్పం. దీంట్ల అట్ల కాదు. చానామంది. మీ సారుకు కూడా తెల్వదు కావచ్చు."

"తెలియకపోతే నా మీద ఎట్లా రాస్తాడు?"

"అదే నేను అంటున్న. సాక్ష్యం లేదని ఆయనే ఒప్పుకున్నట్టు."

నాకు ప్రాణం లేచివచ్చింది. ఆ రాత్రే జవాబు రాశాను. 'మీరు ఉదహరించిన ద్రాక్షతీగ పేరు, తండ్రి పేరు, ఊరు, వారు ఇచ్చిన వాంగ్మూలం ప్రతి దయచేసి ఇప్పించగలరు' అని. అది చాలదన్నట్టు సమాచార హక్కు కింద ఇంకో దరఖాస్తు కూడా పెట్టాను.

ఏఈ సారు పిలిచారు. "ఇన్‌స్పెక్టర్ గారూ, అది వాడుక మాట. దానికి తండ్రి పేరుంటదా?"

"అయితే దానికి సాక్ష్యం కూడా ఉండదు సార్."

"రైతులు చెప్పిన్రు."

"రైతులు 'అంట' అన్నారు సార్. నేను విన్నాను."

ఆయన విచారణకు రాశారు. నాగర్‌కర్నూల్ నుంచి ఏఈకి పై అధికారి, ఒక డీఈ గారు వచ్చి విచారిస్తారని కబురు వచ్చింది. నేను ఆగలేదు. తీగ ఉందంటున్నారు కదా, మొదలు దాకా నేనే పోతాను, ఆ మొదలును పట్టుకొచ్చి డీఈ గారి ముందు నిలబెడతాను అనుకున్నాను. నోటు పుస్తకంలో కొత్త పేజీ తీశాను.

ఒక ఆదివారం వీపనగండ్ల వెళ్లాను. టేబుల్ మీద నారు పడేసిన రైతును పట్టుకున్నాను. ఎరువుల దుకాణంలో విన్నానన్నాడు. దుకాణానికి వెళ్లాను. యజమాని నా వయసువాడే. కుర్చీ వేశాడు గానీ నేను కూర్చోలేదు. పదేళ్ల కింద ఒకసారి నన్ను నిలబెట్టి మాట్లాడాడు. దానికి చెల్లు.

"నేను నీళ్లొస్తాయన్నానని నువ్వే చెప్పావట?"

"నీళ్లొస్తయంట అన్న. నీ పేరు నేను తియ్యలే సాబ్. ఎవరో తగిలిచ్చుంటరు. ఉత్తగ నీళ్లొస్తయంటే ఎవడు నమ్ముతడు? పేరుంటే నమ్ముతరు. మా దిక్కు నీళ్ల ముచ్చటకు నీ పేరు గాక ఇంకెవరి పేరుంటది?"

పొగిడాడో తిట్టాడో తేల్చుకోలేకపోయాను.

"నీకెట్లా తెలిసింది మరి?"

"ఒక్క దినంల ఆరుగురు వచ్చి వరి విత్తనం సంచులు కొన్నరు. ఎండకాలం ముందల పెట్టుకుని ఊకెనే కొంటరా? వాళ్లనడిగితే, ఆమె నానవోసింది, మేము గూడ నానవోస్తున్నం అన్నరు."

"ఎవరామె?"

"తోక తూము కాడ కౌలుకు చేస్తదే, ఆమె."

తీగ లాగితే డొంక కదులుతుందంటారు. డొంక ఎక్కడుందో దొరికిందని సంతోషంగా బండి తీశాను.

ఆమె నాకు ముఖపరిచయమే. కూలికి పోయే కుటుంబం. భర్త లేడు. తూము పక్కన ఎకరన్నర కౌలుకు తీసుకుని చేసుకుంటుంది. నేను వెళ్లేసరికి చర్చి నుంచి వస్తోంది, చేతిలో బైబిలు సంచి ఉంది. నన్ను చూసి ఆగింది.

"ఏంది సారూ, గింతదూరం వచ్చినవు? నీళ్లు లేని దినం గూడ వస్తవా?"

"చెల్లే, నీళ్లొస్తాయని నీకెవరు చెప్పారు? నిజం చెప్పు. పేరు కావాలి నాకు."

"ఎవరు చెప్పలే."

"ఎవరూ చెప్పకుండా నారెట్లా పోశావు?"

ఆమె చీర చెంగు ముందుకు తీసి చూపింది. అంచు మీద నల్లటి మరక.

"ఇగో, ఎన్నిసార్లుతికినా పోతలేదు. బర్రెను కట్టేద్దమని తూము చక్రం పట్టుకున్న. చెయ్యంత గ్రీజు. చెంగుకు తుడుసుకున్న. అప్పుడే సమజైంది నాకు."

నాకు సమజ్ కాలేదు. లేదా అయీ కానట్టు నిలబడ్డాను.

"ఇరవై ఏండ్ల సంది జూస్తున్న సారూ. నువ్వు ఆ రాడ్డుకు గ్రీజు వెట్టినవంటే ఎనిమిదో దినం నీళ్లు. ఒక్కపారి తప్పలే. పెద్దసార్లు మాట తప్పుతరు గని, నీ గ్రీజు తప్పదు. ఇంటికి వోయి వడ్లు నానవోసిన."

"ఎవరికి చెప్పావు?"

"ఎవరికి చెప్పలే. పక్కింటామె గంప జూసి, ఏమే, నీళ్లా అన్నది. నేను నవ్విన. గంతే."

గంతే. ఆమె ఒక్క మాట అనలేదు. నేనూ ఒక్క మాట అనలేదు. ఒక గ్రీజు మరక, ఒక నవ్వు కలిసి రెండు ఊళ్లలో నారు పోయించాయి. తర్వాత ఎవరో దానికి నోరు తగిలించారు, ఇంకెవరో నా పేరు తగిలించారు. పేరు తప్పు తగిలించారని కూడా అనలేను.

పక్కనే ఆమె నారుమడి ఉంది. నేల బీటలు వారి ఉంది. నారు గడ్డిలా పండిపోయింది. బర్రె కూడా దాన్ని ముట్టడం లేదు. నేను ఆ మడి గురించి అడగాలి. అడగలేదు. ముందుగా నా నోటి నుంచి వచ్చింది ఇది:

"విచారణకు వచ్చి, నేను నీళ్లొస్తాయని అనలేదని చెప్తావా?"

"అనలేవు గదా. చెప్త. గ్రీజు ముచ్చట గూడ చెప్పాల్నా?"

నేను బండి తాళంచెవి వెతుక్కున్నాను. తర్వాత "నీ ఇష్టం" అన్నాను.

ముప్పై నాలుగేళ్లలో నన్ను చాలామంది చాలా మాటలన్నారు. వాటిలో ఏదీ ఆ 'నీ ఇష్టం' అంత నీచంగా లేదు. ఆ రోజు పేజీలో ఏమీ రాయలేదు.

విచారణ శ్రీరంగాపూర్ దాటాక కాలువ మీదున్న పాత బంగ్లాలో జరిగింది. అప్పటికి ఆమె గద్వాల దిక్కు మిర్చి ఏరడానికి వలస పోయింది. నారు లేకపోతే నాటు లేదు, నాటు లేకపోతే ఊళ్లో పని లేదు. కబురు పంపితే ఒకరోజు కూలి వదులుకుని బస్సులో వచ్చింది. వేళ్లు మిరపకాయల ఘాటుకు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. లష్కర్ ఆమెకు చెంబుతో నీళ్లిచ్చాడు. నాకు ఆ ఆలోచన కూడా రాలేదు. నేను నా కాగితాలు వరస పెట్టుకుంటున్నాను.

డీఈ గారు నెమ్మదస్తుడు. అద్దాలు తుడుచుకుని అడిగారు.

"ఈ ఇన్‌స్పెక్టర్ నీళ్లొస్తయని నీకు చెప్పిండా అమ్మా?"

"లేదు సారూ."

"ఇంకెవరికన్న చెప్తుంటే విన్నవా?"

"లేదు సారూ."

"మరి ఎవరూ చెప్పకుంటే నారెందుకు పోసినవు?"

నేను తల దించుకుని ఉన్నాను. ఆమె నావైపు చూసిందని తెలుసు. బంగ్లాలో పాత ఫ్యాను కిర్రుమంటోంది.

"ఆశ సారూ. ఆశకు ఒకరు చెప్పాల్నా?"

డీఈ గారు ఆ మాట రాసుకోలేదు. ఆరోపణకు ఆధారం లేదని మాత్రం రాశారు. ఏఈ సారును చూసి, "మెమోలో ఈ గ్రేప్‌వైన్ ఏందయ్యా? మన డిపార్ట్‌మెంట్‌ల ద్రాక్షతోటలెప్పుడు పెట్టిన్రు?" అన్నారు. అందరూ నవ్వారు. ఏఈ సారు మొహం ఎర్రబడింది. ఆ క్షణం కోసం నెలలుగా ఎదురుచూశాను. వచ్చింది గానీ నోట్లో మన్నులా ఉంది.

వచ్చినవాళ్లం వచ్చాం కదా, తోక తూము కూడా చూద్దామన్నారు డీఈ గారు. జీపులో వెళ్లాం. ఏఈ సారు అలవాటుగా చక్రం మీద చెయ్యి వేశారు. దుమ్ము పట్టి కొంచెం బిగుసుకుంది గానీ తిరిగింది. సారు ఆశ్చర్యపోయి నా వైపు తిరిగారు.

"అరే, మంచిగ తిరుగుతుంది గదా! ఎప్పుడు చేయించిన్రు?"

ఆ మాట వినడానికే నేను ఎండలో తుప్పు గీకాను. ఇప్పుడు తేదీ చెబితే అంతా బయటపడుతుంది.

"మొన్న మొన్ననే సార్," అన్నాను.

లష్కర్ నన్ను చూశాడు. అతనికి తేదీ తెలుసు. గట్టు దిగి బీడీ ముట్టించుకున్నాడు. ఆ రోజు తర్వాత నన్ను చూసి అతను ఎప్పుడూ నవ్వలేదు. నవ్వకపోవడం ఎంత బరువో నాకప్పుడు తెలిసింది.

సాయంత్రం రోడ్డు మీద ఆమె గద్వాల బస్సు కోసం నిలబడి ఉంది. బండి ఆపి పక్కన నిలబడ్డాను.

"గ్రీజు సంగతి ఎందుకు చెప్పలేదు చెల్లే?"

"చెప్తే ఏమొస్తది? నారు పచ్చగయితదా?"

"నా మీద కోపం లేదా?"

"ఉన్నది. ఎందుకుండది? గని నిన్ను తీసేస్తే ఇంకోడొస్తడు. వాడు తోక తూము దాక వస్తడా? నువ్వు గులుగుకుంటనన్న వస్తవు. వచ్చే యేడన్న నీళ్లొస్తే, ఆ తూము లేపనీకి నువ్వుండాలె గదా సారూ."

వేసవిలో నేను దిగిపోతున్నాననే సంగతి ఆమెకు తెలియదు. చెప్పడానికి నోరు తెరిచాను. బస్సు వచ్చింది. నిజం చెప్పాలంటే బస్సు రావడానికి ఇంకా రెండు నిమిషాలు ఉంది. దూరంగా కనపడుతూనే ఉంది. ఆ రెండు నిమిషాలూ నేను దాని వైపే చూస్తూ నిలబడ్డాను.

ఎర్రసిరా గీత లేకుండానే దిగిపోయాను. వీడ్కోలు సభలో ఏఈ సారు నన్ను 'పనిలో రాజీపడని మనిషి' అన్నారు. శాలువా చిన్నదిచ్చారు. అది పుస్తకంలో ఉంది.

దిగిపోయిన నెలకు సమాచార హక్కు దరఖాస్తుకు జవాబు వచ్చింది. ఒకే వాక్యం. 'మీరు కోరిన గ్రేప్‌వైన్ వివరాలు ఈ కార్యాలయ రికార్డులలో లేవు.' ఇలాంటి జవాబులకు నేను ఊరుకునే రకం కాదు. ఒకసారి సైకిల్ అలవెన్సు మీద రెండో అప్పీలు దాకా పోయినవాణ్ణి. అప్పీలుకు ముప్పై రోజుల గడువుంటుంది. ఇరవై తొమ్మిదో రోజు పొద్దున తెల్లకాగితం తీసుకుని, నేనెప్పుడూ రాసే నమూనాలోనే మొదలుపెట్టాను. పేరు రాశాను. చిరునామా రాశాను. కోరిన సమాచారం రాశాను. నా నమూనాలో తర్వాతి వరస, 'ఈ సమాచారం ఎవరి వద్ద ఉన్నదని దరఖాస్తుదారు నమ్ముచున్నాడు' అని ఉంటుంది. ఆ వరస నేను కనిపెట్టిందే. దాంతో ఎంతమంది ఆఫీసర్లను ఇరికించానో లెక్కలేదు.

అక్కడ పెన్ను ఆగింది. మా ఆవిడ టీ తెచ్చి పెట్టి, "ఇయ్యాల ఎవరి మీద?" అంది. టీ చల్లారింది. మర్నాటితో గడువు కూడా పోయింది.

ఆ కాగితం నోటు పుస్తకంలోనే ఉంది. ఆ వరస ఇప్పటికీ ఖాళీగానే ఉంది.